సబ్‌మెరైన్ చూసొచ్చిన పూట

కరోనా వెళ్లిన రెండో ఏడాది, క్రిస్మస్ అయిపోయి మిరప కోతలు ఇంకా మొదలుకాని రోజులు. చిలకలూరిపేట నుంచి ఒక చర్చి స్త్రీల సమాజం వాళ్లు వైజాగ్‌కు బస్సు మాట్లాడుకున్నారు. ఎక్కువమంది స్పిన్నింగ్ మిల్లులో పనిచేసేవాళ్లు. నేను ఆ బస్సుకు వంటమనిషిని. టూర్ బస్సంటే మా వైపు మనుషులతో పాటు గ్యాస్ బండ, బియ్యం మూట, ఆవకాయ జాడీ, వాటి వెనకాల నేను కూడా ఎక్కాలి. బయటి తిండిలో కారం ఉండదని మావాళ్లకు గట్టి నమ్మకం.

ఈ పనిలో ‘సైట్ సీయింగ్’ అని ఒక మాట ఉంది. ఊరు చూడటానికి బస్సు బయల్దేరే వేళ అన్నమాట. నాకు మాత్రం ఆ వేళ ఉల్లిపాయలు తరిగే వేళ. ఎన్ని ట్రిప్పులు వెళ్లానో లెక్కలేదు కానీ, నాకు తెలిసిన వైజాగ్ సత్రం వెనక రేకుల షెడ్డే. మామూలు సముద్రమైతే మా సూర్యలంకలోనూ ఉంది. నా కన్నంతా ఒడ్డున పెట్టిన సబ్‌మెరైన్ మీద. వెళ్లినవాళ్లంతా సాయంత్రం వచ్చి, “లోపలికి పోయామక్కా, తలుపులు ఇంతే ఉన్నాయి, వంగి దూరాలి!” అంటూ చేతులతో కొలిచి చూపించేవాళ్లు. వాళ్ల పళ్లేల్లో అన్నం వడ్డిస్తూ కడుపు మండిపోయేది నాకు. దాచుకోవడం దేనికి, కుళ్లుకునేదాన్ని.

ఆ మధ్యాహ్నం బస్సు సబ్‌మెరైన్‌కు బయల్దేరుతుంటే, సువార్తమ్మ అనే ఆమె దిగి వచ్చి షెడ్డులో పీట వేసుకుని కూర్చుంది. నాకంటే కాస్త పెద్దది.

“నేను పోను. మీరు పొండి” అని బస్సు వైపు చెయ్యి ఊపేసింది.

“కాళ్లు నొప్పులా అక్కా?” అన్నాను.

“కాళ్లకేం, బానే ఉన్నాయి. మా తోడికోడలు లేదూ, ఆ రత్నకుమారి! పోయినేడు మొగుడితో వచ్చి అన్నీ చూసిపోయింది. పేటలో బస్సెక్కిన కాడి నుంచి ఒకటే గోల. ‘అక్కా, ఇప్పుడు కొండొస్తది చూడు. అక్కా, అది ఎక్కితే ఇట్టా ఉంటది చూడు.’ దాని నోటితో చెప్పించుకుని నేను చూడాలా?”

నాకు ఒళ్లు మండింది. టిక్కెట్టు డబ్బులు కట్టింది, కాళ్లు బాగున్నాయి, బస్సు గుమ్మంలో ఉంది. ఒకరి మీద కుళ్లుతో సబ్‌మెరైన్‌నే వద్దనుకుంటోంది ఈవిడ!

“నీకిదేం పోయేకాలం అక్కా! ఎవరు చెబితే ఏం? నీ కళ్లతో నువ్వు చూస్తావు కదా. నాకా అదృష్టం ఉంటే పరిగెత్తుకుంటూ పోదును” అన్నాను.

ఆమె నా వైపు తేరిపార చూసింది. “అయితే పో.”

“పులుసు ఎవరు చేస్తారు?”

“చేపలు కడిగావుగా. చింతపండు నానేశావుగా. నా చేతులు పడిపోలేదులే. ఎక్కు ముందు!”

గరిట ఆమె చేతిలో పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ బస్సెక్కాను. ఇన్నేళ్లలో గరిట ఇంకొకరికి ఇవ్వడం అదే మొదలు.

సబ్‌మెరైన్‌లో తలవంచి, కాలెత్తి, ఇనుప తలుపులు దాటుకుంటూ నడిచాను. అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. ఒకచోట వంటగది చూపించారు. మా గ్యాస్ పొయ్యి కూడా పట్టని ఇరుకు! అక్కడ వండినవాడు సముద్రాలన్నీ తిరిగి ఉంటాడు, నీళ్ల కింద కాబట్టి ఒక్కటీ చూసి ఉండడు. నాకంటే కర్మకాలినవాడు ఒకడున్నాడని అప్పటికి ప్రాణం కుదుటపడింది. బయటికి వచ్చి, గట్టు మీద కూర్చుని, అక్కడివాళ్లు మూరీ మిక్చరు అనే మసాలా మరమరాలు తిన్నాను. మనసు మాత్రం పులుసులో ఉప్పు మీదే ఉంది.

రాత్రి అందరికీ నేనే వడ్డించాను. మొదటి ముద్దకే పంక్తిలో తలలన్నీ నా వైపు తిరిగాయి.

“ఏం పులుసక్కా! ఇన్నాళ్లూ ఈ చెయ్యి ఎక్కడ దాచావు?” అంది ఒకామె. ఇంకొకామె అన్నం మళ్లీ పెట్టించుకుంది. పులుసు వండి పెట్టాకే బస్సెక్కాననుకున్నట్టున్నారు, నేనూ ఆ మెప్పు నాదే అన్నట్టు వడ్డిస్తూ పోయాను. సువార్తమ్మ తలవంచుకుని తింటోంది.

అసలు సంగతి చెప్పింది రత్నకుమారే. “ఇది వంటక్క చెయ్యి కాదు, మా అక్కది. నేనెన్నిసార్లు చేసినా ఇట్టా రాదు. మా ఆయన తిన్నప్పుడల్లా ఆ మాటే అంటాడు, నాకు ఒళ్లు మండిపోద్ది.”

అందరూ నవ్వారు. సువార్తమ్మ ముఖం వెలిగిపోయింది. మిల్లులో బోనస్ ఇచ్చినా అంత వెలగదేమో. మర్నాడు భీమిలి నుంచి తిరిగి వస్తూ దారిలో బస్సు ఆపించి, తోడికోడలి చెయ్యి పట్టుకుని ఆమే ముందు సబ్‌మెరైన్ ఎక్కిందట. ముందు రాత్రి పడుకునేటప్పుడు తలుపుల సంగతంతా నేను ఆమెకు చెప్పాను, అది గుర్తుపెట్టుకుని “తల వంచవే, కమ్మీ తగులుద్ది” అని రత్నకుమారికే దారి చెప్పిందట.

ఇక్కడ మండిందల్లా నాకు. పొరుగింటి పుల్లకూర రుచి అని సరిపెట్టుకుందామన్నా, అది ఉడికింది నా పొయ్యి మీద, నా గిన్నెలో. ఆ రాత్రే గిన్నెలో అడుగున మిగిలిన ఆమె పులుసు వేలితో నాకి చూశాను. నిజంగానే బాగుంది. అదే నా బాధ.

ఆ ట్రిప్పు తరవాత ఒక పద్ధతి పెట్టాను. వైజాగ్‌లో ఒక పూట పులిహోర పొట్లాలే, పొయ్యి వెలిగించేది లేదు. వంటమనిషి కూడా ఊరు చూడాలి. చూడనిచ్చిన చోట వంట కూడా బాగుంటుంది. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది అదే.

పులుసు మాత్రం నాకు రాలేదు. ఆ బస్సులో వచ్చినవాళ్లు ఎక్కడ కనపడినా అదే అడుగుతున్నారు. మెంతిపొడి మార్చాను, చింతపండు మార్చాను, మట్టి దాకలో కూడా చేసి చూశాను. సువార్తమ్మ మిల్లు మా వీధి చివరే. వెళ్లి అడిగితే చెబుతుంది, మంచి మనిషి. మొన్న మా అమ్మాయి, “అడగొచ్చు కదమ్మా?” అంది.

“ఆమె నోటితో చెప్పించుకుని నేను వండాలా?” అన్నాను.