మా ఆయన షుగరుతో చీర అంచు

ముప్పై ఏళ్లు పిల్లలతో గ్రాఫులు గీయించిన చెయ్యి రిటైరయ్యాక మాత్రం ఊరుకుంటుందా? బందరులో మా వంటింట్లో, ఫ్రిజ్ తలుపు మీద మా ఆయన షుగరు గ్రాఫు వేలాడేది. రోజూ పొద్దున్నే కాఫీకి ముందు నేనే ఆయన వేలు గుచ్చి, మిషను చూపించిన అంకెకి ఒక చుక్క పెట్టి, నిన్నటి చుక్కతో గీత కలిపేదాన్ని. కాగితం అయిపోతే ఇంకోటి అంటించేదాన్ని. ఏడాది తిరిగేసరికి అది ఫ్రిజ్ దాటి, గోడెక్కి, దేవుడి గూటి దాకా పాకింది.

ఆ గీత చూస్తే ఒళ్లు మండేది. నాలుగు రోజులు బుద్ధిగా ఉంటుంది, ఐదో రోజు తాటిచెట్టెక్కుతుంది. అడిగితే "సరిగ్గా నిద్ర పట్టలేదే" అంటారు. నిద్రకీ చొక్కా జేబులో దొరికిన లడ్డూ పొడికీ సంబంధమేంటో నాకు ఏ లెక్కల పుస్తకమూ చెప్పలేదు. కళ్లు జాగ్రత్త, కాళ్లు జాగ్రత్త అని డాక్టరు గారు అన్న ప్రతిసారీ నా గుండెల్లో రాయి పడేది. ఈయన మాత్రం గది బయటికి రాగానే "ఆయన అందరికీ అలాగే చెప్తాడు" అనేవారు.

అప్పుడు ఫోన్లో ఒక వీడియో చూశాను. ఎవరో మహాతల్లి వాళ్ల ఊరి ఎండల లెక్క తీసుకుని, రోజుకో రంగు ఊలుతో ఏడాది పొడుగునా శాలువా అల్లింది. భలే ఉంది! ఎండతో శాలువా అయితే షుగరుతో చీర ఎందుకు కాదు? రెండు నెలల్లో గుడివాడలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. ఈ గీతని కలంకారీ అంచుగా అద్దించి కట్టుకుంటా. "ఈ కొండలేంటి వదినా?" అని అడిగితే "మీ అన్నయ్య తిన్న లడ్డూలు" అని చెప్తా.

"నా పరువు తీస్తావా?" అన్నారు మా ఆయన.

"పరువు తీసేది నేను కాదు, మీ నోరు," అన్నాను.

పెడనలో అచ్చులు చెక్కే పెద్దాయన ముందు కాగితాలన్నీ చాపలా పరిచాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఏం తీగమ్మా ఇది?"

"తీగ కాదండీ, మా ఆయన షుగరు."

"అయ్యో పాపం," అన్నారు. ఎవర్ని చూసి జాలిపడ్డారో తెలీలేదు. అంచు ముచ్చటగా వస్తుందని మాత్రం మాటిచ్చారు.

చీర పెళ్లికి ముందు రోజు సిద్ధమైంది. పెడన వెళ్లి అక్కడే విప్పి చూశాను. కొండలేవీ? ఈ కొంగు నుంచి ఆ కుచ్చిళ్ల దాకా ఒకటే అల, ఒకటే ఎత్తు, మధ్యమధ్య తామరమొగ్గలు. చక్కగా ఉంది. అదే నా ఏడుపు.

"అమ్మా, ఏడాదంతా జానెడు చెక్కలో పడుతుందా?" అన్నారు పెద్దాయన. "అచ్చు పక్కన అచ్చు వేస్తే ఈ చివర ఆ చివరతో కలవాలి. కలవకపోతే అద్దేవాడు నన్ను తిడతాడు. మీ కాగితమంతా వెతికాను. ఒక్కచోట కలిసింది. ఆ ముక్కే చెక్కాను."

ఆయన పెన్సిలుతో గుర్తుపెట్టిన ముక్కని బస్సులో చూసుకున్నాను. ఏడు చుక్కలు. వంద, నూట ఇరవై, వంద, నూట ఇరవై. ఏ వారమా అని చూస్తే, మా అక్క కంటి ఆపరేషనుకి నేను అవనిగడ్డ వెళ్లిన వారం! రోజూ ఫోన్లో ఈయన అంకె చెప్తే, తిరిగొచ్చి నేనే చుక్కలు పెట్టాను. రక్తంలో చక్కెర కవాతు చేస్తుందా ఎక్కడైనా? లెక్కల టీచరుని, నాకు తట్టనే లేదు. అంకెలు తగ్గాయన్న సంతోషంలో కళ్లు మూసుకుపోయాయి.

వేరే చీర తీయడం ఇష్టంలేక దాన్నే కట్టుకుని వెళ్లాను. మా ఆయన మొహం చూడాలి! భోజనాల బంతిలో నా కొంగు పట్టుకుని అందరికీ చూపించడమే. "ఇదీ నా షుగరు. సముద్రం కూడా ఇంత నిలకడగా ఉండదు. ఇటు రెండు బూరెలు వెయ్యి నాయనా!"

బూరె నోటి దాకా వెళ్లింది. ఇక నా వల్ల కాలేదు.

"ఆ వారం నేను ఊళ్లో లేను. ఆ అంకెలు మిషనువి కావు, ఈయన కల్పించినవి."

బంతి బంతంతా ఒకటే నవ్వు. "బావా, అడ్డంగా దొరికిపోయావ్!" అని ఆడపడుచు మొగుడు విస్తరి మీద కొట్టి మరీ నవ్వాడు. మా ఆయన బూరె కింద పెట్టేసి లేచారు. చేతులు కడుక్కునే చోటికి వెనకాలే వెళ్లాను, కడిగెయ్యాల్సింది ఇంకా బోలెడుంది.

"ఆ వారం ఎన్ని మింగారు?"

"ఒక్కటీ తినలేదే, ఒట్టు. సూది గుచ్చుకోలేకపోయాను. నువ్వు గుచ్చితే అటు తిరిగి కూర్చుంటాను. అయినా ఎక్కువొస్తే ఇంట్లో ఒక్కణ్ణీ ఏం చేసుకోను?"

నా కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది. దాని బదులు భయం పట్టుకుంది. నేను పోతే ఈయన వేలు ఎవరు గుచ్చుతారు?

మర్నాడు పొద్దున్న ఇంట్లో సూది ఆయన చేతికిచ్చి నా వేలు చాపాను. "నా మీద నేర్చుకోండి. పందికొక్కులా తినేది మీరు, నాకేం భయం?" కళ్లు గట్టిగా మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని గుచ్చారు. మిషను కూసింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"ఎంతండీ?"

"మిషను పాడైనట్టుంది. ఇంకో వేలు ఇవ్వు."

రెండోసారి కళ్లు తెరిచే గుచ్చారు. రెండొందల ఎనభై. "చీర మార్చుకో, డాక్టరు గారి దగ్గరికి వెళ్దాం," అని నా చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టారు.