పల్లకిలో బాలింత

తెల్లదొరల ఏలుబడి ఇంకా పచ్చగా ఉన్న రోజులవి. మా సీమలో ఆ కాలంలో పచ్చగా ఉన్నది అదొక్కటే. ఎండ ఎంత ఘోరంగా కాసేదంటే, నాపబండ మీద కోడిగుడ్డు పెడితే ఉడకడమే కాదు, లోపలి పిల్ల "అయ్యా, కొంచెం నీడకు జరపండి" అని వేడుకునేది (నమ్మనివారు వేసవిలో మా వైపు రండి, గుడ్డు మాత్రం మీరే తెచ్చుకోండి). అలాంటి ఎండలో, ఇరవయ్యేళ్లు నిండీ నిండని నన్ను, బేతంచెర్ల స్టేషనుకు చాలా ఆవల, పేరు వింటేనే ఎద్దులు మొరాయించే ఒక పల్లెకు ఏకోపాధ్యాయుణ్ణి చేసి పంపారు. నా వెంట ఉన్న బలగమల్లా ఒక తలపాగా, ఒక చేతికర్ర, వంట చేసిపెట్టడానికి వచ్చిన మా మేనత్త. మేనత్త నోరు తెరిస్తే కర్రతో పనిలేదు. తలపాగా ఎలాగూ నిలిచేది కాదు.

బడి అంటే బండలు పరిచిన పాత మిద్దె. ఊరివాళ్లే రాళ్లు మోసి కట్టుకున్నారు. మోసినవాళ్లలో ఎక్కువమంది చర్చి దగ్గరి పాలెంవాళ్లు. వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాక్షి ఒకటి ఉండేది, అందులోంచి వెలుతురు తప్ప తక్కినవన్నీ వచ్చేవి. సరిగ్గా దాని కింద, దూలాలకు మోకులు కట్టి వేలాడదీసిన ఒక పల్లకి. ఆ పల్లకి కింద నా కుర్చీ. ఊరి పెద్దరెడ్డిగారి ముత్తాతకు కర్నూలు నవాబు ఇచ్చిన పల్లకి అది (నేను వెళ్లిన కొత్తలో, రెడ్డిగారు చెప్పే కథలో నవాబు ఉత్త సలాము చేసేవాడు. దసరా నాటికి ముత్తాతగారి చెప్పులు మోసేదాకా వచ్చాడు). ఇంట్లో చోటు చాలక "నాల్రోజులు ఈడ ఉండనీండి" అని ఆయన దాన్ని బడిలో కట్టించారట. ఆ నాల్రోజులూ నేను పుట్టకముందు మొదలై, నేను కొలువులో చేరేనాటికీ పూర్తి కాలేదు. తీసేయమని అడిగిన మొనగాడు అంతవరకు పుట్టలేదు. రెడ్డిగారికి అసలు బడే గిట్టేది కాదు. ఎదురైనప్పుడల్లా ఒకటే మాట. "పాలెం పిల్లోల్లంతా అఆలు దిద్దితే నా మేకల్ని నువ్వు కాస్తావేమప్పా అయివారూ?"

ఒకనాటి పొద్దున ఎక్కాలు చెప్పిస్తుంటే నెత్తిమీద బుస్సుమంది. మామూలు బుస కాదు. పది తాచులు ఒకేసారి ముక్కు చీదినట్టుంది. "పాము!" అని ఎవడో అరిచాడు. శిష్యులకు దారి చూపడం గురువు ధర్మం గనుక, అందరికంటే ముందు నేనే బయటికి పరిగెత్తాను. గలాభా విని మా మేనత్త గరిటె పట్టుకుని వచ్చింది. నా వైపు ఒక చూపు చూసింది (ఆ చూపు గురించి ఇక్కడ రాయను). లోపలికి పోయి నా కుర్చీ ఎక్కి, గరిటెతో పల్లకి తెర తొలగించింది.

"పాము గాదు, నీ మొగము గాదు! గూబరా! పిల్లల్ని పెట్టుకోని పట్టుమెత్త మీద జమీందారిణి మాదిరి కూచోనుండాది. దిగి రమ్మంటే పల్లకీ మోసేటోల్లేరీ అని అడిగేట్టుండాది."

ధైర్యం వచ్చాక నేనూ ఎక్కి చూశాను. బియ్యప్పిండి అద్దుకున్నట్టు తెల్లటి గుండ్రటి మొహం, మా ఇన్‌స్పెక్టరు చూసినట్టే, "పాఠం తయారుచేసుకోకుండా వచ్చావు గదూ" అన్న చూపు. చుట్టూ దూదిపింజల్లాంటి పిల్లలు బుసలు కొడుతున్నాయి. నవాబుగారి పట్టుమెత్త నిండా ఎలుకల ఎముకలు. మర్రితొర్రలూ పాడుబావులూ ఇన్ని ఉండగా, కాపురానికి పల్లకి ఎంచుకున్న ఆ తల్లి అభిరుచికి లోలోపలే దండం పెట్టాను.

కబురు నాకంటే వేగంగా పరిగెత్తింది. పొద్దు నడినెత్తికి రాకముందే రెడ్డిగారు పంచాంగం స్వామిని వెంటబెట్టుకుని బడి అరుగు దగ్గరికి వచ్చారు. ఊరంతా వచ్చింది. గూబ దూరిన ఇంటిని ఆర్నెల్లు పాడుపెట్టాలి. పొయ్యి వెలగకూడదు, మనిషి మసలకూడదు. అది మా వైపు తాతలనాటి కట్టడి. రెడ్డిగారి మొహంలో అంత భక్తి నేను ఉగాదినాడు కూడా చూడలేదు.

"ఏమప్పా అయివారూ, ఇల్లయితే ఏమి, బడైతే ఏమి? రేపట్నుంచి తలుపేసేయి. ఆర్నెల్లు."

ఆర్నెల్లు బడి మూస్తే, జీతాలిచ్చే జిల్లా బోర్డువారు దాన్ని శాశ్వతంగా ఎత్తేస్తారని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. పాలెం సంఘపెద్ద, అందరూ ప్రార్థన తాత అని పిలిచే ముసలాయన, తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు. "ఒకసారి ఎత్తేస్తే మల్లా ఇస్తారా నాయనా? నా మనవరాలు ఇప్పుడిప్పుడే బైబిల్లో అచ్చరాలు కూడబలుక్కుంటాండాది. మాకు గూబా లేదు, శకునమూ లేదు. బడి ఉండనీండి." రెడ్డిగారు ఆయన వైపు చూడనైనా లేదు. అదిగో, అక్కడ నాకు ఎక్కడో మండింది. ఎండదెబ్బే కావచ్చు. గొంతు నాది కానంత గట్టిగా లేచింది.

"స్వామీ, ఒక సందేహం. గూబ చెట్టుమీద గూడు పెడితే చెట్టును పాడుపెట్టాల్నా?"

"చెట్టు ఇల్లెట్లయితాదప్పా?" అని స్వామి నవ్వాడు.

"మరి ఇల్లంటే ఏంది?"

"పైన కప్పుండాల. చుట్టూ అడ్డముండాల. తలుపన్నా ఉండాల, తెరన్నా ఉండాల. మనిషి కూచునే తావుండాల. దాంట్లో దూరితేనే దోషం."

"పల్లకీకి కప్పుండాది. అడ్డముండాది. తెరుండాది. కూచునే తావు మెత్తతో సహా ఉండాది," అన్నాను. "గూబ కాపురం పెట్టిన ఇల్లు బడి గాదు స్వామీ, పల్లకీ. ఇంతకీ పల్లకీ ఎవురిది?"

ఊరి తలకాయలన్నీ ఒక్కసారిగా రెడ్డిగారి వైపు తిరిగాయి. ఆ తిరగడంలో లేచిన గాలికి నా చెమట ఆరింది. రెడ్డిగారి మీసం ఒకవైపు లేచి, రెండోవైపు లేవాలా వద్దా అని ఆలోచనలో పడింది.

"బడిలోకి రాకుండానే పల్లకీలోకి యాడ్నుంచి పోయిందిరా?" అని ఆయన గర్జించారు.

నేను నోరు తెరిచేలోగా మేనత్త గరిటె ముందుకు వచ్చింది. "ఏం నాయనా రెడ్డీ, మీ ఇంటికొచ్చే సుట్టం మా వాకిలి ముందర నడిసే గదా వస్తాడు? అంతమాత్రాన మా వాకిలి పాడుపెట్టుకోవాల్నా? దోవ బడిది. కొంప నీది. సుట్టం నీ సుట్టమే."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత నవ్వనివాళ్లను వెతుక్కోవాల్సి వచ్చింది. రెడ్డిగారు చెయ్యి విసిరి, "ఆ పల్లకీ బడికి ఇచ్చేసినాం, పో!" అన్నారు. పుచ్చుకుంటే దోషం బడికే. ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు.

"మాకొద్దు," అన్నాను. "నవాబు మీ ముత్తాతకిచ్చింది, మేం ముట్టగూడదు. ఇప్పుడే మీ ఇంటికి తీస్కపోండి. మోకులు నేనే ఇప్పుతా."

"మా ఇంటికా? గూబనా?"

"లేదంటే ఆ పల్లకీ మీ వంశానిది గాదని ఈ అరుగుమీద నిలబడి ఒక్క మాట చెప్పండి. చాలు."

అది చెప్పడం కంటే ఆయన మీసం తీయించుకోవడం తేలిక. తీసుకుపోతే ఇంట్లో గూబ దూరినట్టు. వదిలేస్తే పల్లకి అనే ఇంటిని ఆర్నెల్లు పాడుపెట్టినట్టు, ఆ పల్లకిలోనే ఊరేగించాలనుకున్న ఆయన కూతురి పెండ్లి అందాకా ఆగదు. లోపలినుంచి గూబపిల్లలు బుస్సుమంటూ తమ వాదన వినిపిస్తున్నాయి. రెడ్డిగారు స్వామి వైపు చూశారు. స్వామి పంచాంగం తిరగేశాడు, బోర్లించాడు, కళ్లు మూసుకున్నాడు.

"ఒక మినహాయింపు ఉండాది," అన్నాడు చివరికి. "పిల్లలతో ఉండే గూబకు దోషం అంటదు. బాలింత గదా. బాలింతను ఎవురైనా ఇంట్లోంచి ఎల్లగొడతారా?"

"శివ శివా! ఎల్లగొట్టగూడదు," అన్నారు రెడ్డిగారు, తన జీవితంలో ఎన్నడూ లేనంత త్వరగా. "అయివారూ, బాలింత జాగర్త."

అలా బడి తలుపు మూతపడలేదు. మర్నాడు ప్రార్థన తాత మనవరాలు అందరికంటే ముందు వచ్చి, పల్లకి వైపు తలెత్తి చూసి, గొంతు తగ్గించి ఎక్కాలు అప్పజెప్పింది, బాలింత నిద్రపోతోందని. రెక్కలొచ్చాక పిల్లలు గవాక్షిలోంచి వెళ్లిపోయాయి. రెడ్డిగారి కూతురి పెండ్లికి పల్లకి దింపలేదు, నంద్యాల నుంచి మోటారు తెప్పించారు. ఏడాది తిరక్కుండా నన్ను ఎర్రగుంట్ల వైపు మార్చారు. ఎందుకని నేను అడగలేదు, ఎవరూ చెప్పనూ లేదు. మేనత్త మాత్రం బండెక్కుతూ ఊరి వైపు చూసి, "బడి ఉండాది గదా, పద," అంది.

ఇప్పుడు నేను నలభై దాటి చాలా దూరం వచ్చాను. మొన్న మునిసిపాలిటీ కంట్రాక్టరు కాలువ తవ్వించి, మట్టంతా నా వాకిట్లోనే పోయిస్తుంటే, "ఏమప్పా!" అని ఊరదిరేలా అందామని బయటికి వెళ్లాను. తీరా నోట్లోంచి వచ్చింది, "కొంచెం చూసుకోండి నాయనా" అని. లోపలికి వచ్చి కూచున్నాను. ఆ ఇరవయ్యేళ్లవాడు ఎక్కడికి పోయాడో. ఎదురుపడితే కాసింత పొగరు చేబదులు అడగాలి, నన్ను చూశాక ఇస్తాడో ఇవ్వడో. అలా అనుకునేసరికి మెల్లగా రోషం వచ్చింది. చెప్పులు తొడుక్కుని, గొంతు సవరించుకుని, మళ్లీ వాకిట్లోకి వెళ్లాను. అప్పటికే కంట్రాక్టరు వెళ్లిపోయాడు. మట్టిగుట్టతోనే మాట్లాడి వచ్చాను, కాని శానా గట్టిగా మాట్లాడాను.