చెప్పులు విప్పిన మేస్త్రీ

బస్సులు బాగుచేసే మేస్త్రీ పోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పాస్టరమ్మ.

108 అంబులెన్సులు ఇంకా రాని రోజుల్లో, నేను నర్సుగా ఉన్న మా చర్చి సంఘం దవాఖానా బస్సు భద్రాచలం అడవి గూడేలకు తిరిగేది. ఒకసారి అందులో మరుగుదొడ్డి కింది ట్యాంకు కారింది. దొడ్డిని ట్యాంకుకు బిగించే రింగు మారిస్తేగానీ కారడం ఆగదు, అదేమో తుప్పుపట్టి ఊడలేదు. తెల్లారితే గర్భిణులు బస్సు కోసం ఎదురుచూస్తారు.

"సుత్తెతో రెండెయ్యి మేస్త్రీ, పెండ్లిపిల్లను సముదాయించినట్టు ఏంది?" అన్నాడు డ్రైవరు.

"కొడితే ట్యాంకు పగుల్తది. రేపు నువ్వు మోస్తవా అందర్ని?"

మేస్త్రీ చెప్పులు కిందే విప్పి మళ్లీ బస్సెక్కాడు.

"మురికిల వట్టికాళ్లేంది అన్నా?" అన్నాను.

"కాన్పులయ్యే జాగ గదమ్మా."

కిరసనాయిలు పోస్తూ, కొంచెం కొంచెం తిప్పుతూ, సాయంత్రానికి రింగు ఊడదీసి కొత్తది బిగించాడు. మర్నాడు ఆ బస్సులోనే ఒక ఆడపిల్ల పుట్టింది, దేవునికి స్తోత్రం. ఆ తల్లికి మేస్త్రీ ఎవరో తెలియదు. మీ ప్రార్థనలో ఆయన్ని ఒక్కసారి తలచుకోండి.