చిక్కు తీయించుకునే వంతు

అమెరికాలోని నోవైలో మా అమ్మాయి రోజూ ఆఫీసు పని ముగించి తన యార్కీని ఒళ్లో వేసుకుని దువ్వుతుంది. చేటెడు కూడా లేని కుక్క. నేను పక్కన కూర్చోబోతే గుర్రుమంటుంది.

"దీనికి ఇంత సేవేమిటే? కత్తిరించెయ్యి," అన్నాను నిన్న.

"దీనిది మనలాంటి జుట్టమ్మా. డైలీ బ్రష్ చేయకపోతే చిక్కుపడుతుంది. పైగా దీనికి జెలసీ, నిన్ను రానివ్వదు."

ఆ దువ్వెన చప్పుడుకి నా ఎనిమిదో ఏడు గుర్తొచ్చింది.

అమ్మ రోజూ చెల్లెలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని చిక్కు తీసేది. నా జడ నేనే వేసుకునేదాన్ని. చూసి చూసి ఓర్వలేక, ఒకరోజు దువ్వెనను బియ్యం డబ్బాలో దాచేశాను. దువ్వెన లేకపోతే అమ్మ ఒడి ఖాళీ అవుతుందనుకున్నాను.

అమ్మ కాసేపు వెతికి, వేళ్లతోనే ఒక్కొక్క పాయా విడదీసింది. రోజూకన్నా రెట్టింపు సేపు పట్టింది. చెల్లెలు ఆ ఒళ్లోనే నిద్రపోయింది.

"మరి నాకో?" అన్నాను.

"నీకేమే, బంగారుతల్లివి! నీ పని నువ్వే చేసుకుంటావు," అని అమ్మ మురిసిపోయింది.

ఆ క్షణం నాకు జడ వేసుకోవడం రాకపోతే ఎంత బాగుండుననిపించింది. ఇప్పటికీ ఎవరైనా నన్ను "మీకేమండీ, అన్నీ మీరే చేసుకుంటారు" అని మెచ్చుకుంటే, నాకు సంతోషం కలగదు.