రెండు చెవులకీ ఒకే షడ్జమం

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం, జనక్‌పురిలోని హాల్లో తంబురా మొదలైన రెండో నిమిషంలో నా రెండు చెవులకీ ఒకే షడ్జమం వినిపించింది. గాయకుడు ఇంకా గొంతు విప్పలేదు. వయొలిన్ ఆయన తీగలు సరిచూసుకుంటున్నాడు. నేను కుడి చెవి వేలితో మూసుకుని విన్నాను. తర్వాత ఎడమ చెవి మూసుకుని విన్నాను. తేడా లేదు. నమ్మకం చాలక మళ్ళీ కుడి చెవి మూశాను.

"ఏవిటండీ ఆ పని? ఆయన ఇంకా నోరు విప్పనేలేదు, అప్పుడే వినలేక చెవులు మూసుకుంటున్నారనుకుంటారు," అంది పక్కనున్న మా ఆవిడ.

"ఒకటే వినిపిస్తోంది," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "నిజంగానా?"

"నిజంగానే."

"అయితే ఆ వేళ్ళు తీసి తాళం వేయండి."

తల అటు తిప్పుకుని కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ సాయంత్రం గాయకుడు గొప్పగా పాడాడని చెప్పలేను. నాకు మాత్రం అంత మంచి కచేరీ ఈ మధ్య ఇంకొకటి లేదు.

ఇంత చిన్న విషయానికి ఇంత సంబరమెందుకో చెప్పాలి. ఒక తెలుగు దినపత్రిక ఢిల్లీ కార్యాలయంలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. పగలంతా మంత్రుల మాటలు, సాయంత్రం వార్తలు పంపించేశాక కచేరీలు. నాకు పాడటం రాదు, వాయించడం రాదు. వినడం మాత్రం వచ్చు. మన కచేరీల్లో ఒక అలవాటుంది. గాయకుడు ఆలాపన ఎత్తుకోగానే వరసల్లో తలలు ఒకదానివైపు ఒకటి వంగుతాయి. "ఏం రాగం?" అన్న గుసగుస కుర్చీ నుంచి కుర్చీకి నడుస్తుంది. మా హాల్లో అది చివరికి నా దగ్గరికి వచ్చి ఆగేది. నేను చెప్పిన పేరు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళేది. రిటైరయ్యాక నాకు మిగిలిన ఉద్యోగం అదే.

ఇంకో పని కూడా ఉండేది. మా తెలుగు సంఘం నెలనెలా నాలుగు పేజీల పత్రిక అచ్చువేసి సభ్యుల ఇళ్ళకు పంపుతుంది. అందులో కచేరీల మీద అరపేజీ నాది. విన్న రోజే రాసి పంపేస్తాను. మర్నాటికి ఉంచితే నిద్రపట్టని అలవాటు పత్రికాఫీసు నేర్పింది.

దీపావళి వెళ్ళిన వారంలో ఒక ఉదయం కుక్కరు రెండు గొంతులతో కూసింది. రబ్బరు పాడైందన్నాను. మా ఆవిడ కొత్తది వేసింది. అయినా అదే కూత. ఫోను మోగితే దాని వెనకే ఇంకో ఫోను కాస్త పైస్థాయిలో మోగుతున్నట్టుండేది. ఫోను పాతదైపోయిందన్నాను. నా చెవి మీద అనుమానం రాలేదు.

ఆ శనివారమే మా సంఘంలో ఒక అమ్మాయి పాడింది. పుట్టి పెరిగింది ఇక్కడే, గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదటి కీర్తన నుంచీ ఆమె గొంతు తంబురాను అంటుకోకుండా పక్కన నడుస్తున్నట్టు వినిపించింది. నిజానికి వయొలిన్ కూడా అలాగే వినిపించింది. కానీ ఆ వయొలిన్ విద్వాంసుణ్ణి ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. ఆమె తప్పుతుంటే పాపం ఆయన ఎటు వెళ్ళాలో తెలియక తడబడుతున్నాడని తీర్మానించుకున్నాను. ఇంటికి వచ్చి రాశాను: "గాత్రంలో మాధుర్యం ఉంది, శ్రుతిశుద్ధి లేదు. సాధన పెంచుకోవాలి."

వారం తర్వాత నోయిడాలో పెద్ద విద్వాంసుడి కచేరీ. మా సంఘం కార్యదర్శి తన కారులో మమ్మల్నిద్దరినీ తీసుకెళ్ళాడు. ఆయన వరంగల్ వైపు మనిషి, ఒక మంత్రిత్వ శాఖలో అధికారి. వేదిక మీద ఆ పెద్ద విద్వాంసుడు కూడా శ్రుతి తప్పుతున్నాడు. అది జరిగే పని కాదు కనక శ్రుతిపెట్టె పాడైందని నిశ్చయించుకున్నాను. విరామంలో కార్యదర్శిని వేదిక దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన పెట్టె మీదికి వంగి విన్నాడు.

"డబ్బా మంచిగనే ఉన్నదన్నా. నీకేమన్న జలుబైందా?"

"రెండు స్వరాలు వస్తున్నాయి, వినపడటం లేదా?"

"ఒక్కటే వస్తున్నదన్నా. కాఫీ తాగుదాం పా."

వెనక నిలబడిన మా ఆవిడ, "ఏదీ, ఒక చెవి మూసుకుని వినండి," అంది. ఎడమ చెవి మూశాను. పెట్టె శుభ్రంగా ఒకే స్వరం పలికింది. కుడి చెవి మూశాను. అప్పుడూ ఒకటే, అయితే కొద్దిగా పైకి జరిగిన స్వరం. రెండూ తెరిస్తే రెండూ కలిసి గీసుకుంటున్నాయి. కాఫీ తాగలేదు. ఆ అమ్మాయి మీద నేను రాసిన మాటతో సంఘం పత్రిక అప్పటికే అందరి ఇళ్ళకూ చేరిపోయింది.

చెవి డాక్టరమ్మ నన్ను చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమంది. కాగితం మీద గీత చూసి తల ఊపింది. "అంకుల్‌జీ, దస్ దిన్ ఘర్ పే క్యోం బైఠే రహే?" అని, పది రోజులు ఇంట్లోనే కూర్చున్నందుకు కోప్పడింది. ఎడమ చెవి నరానికి దెబ్బ తగిలిందట. ఎందుకు తగిలిందో చాలాసార్లు తెలియదట. మాత్రలు రాసింది. కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు, మూడు నాలుగు నెలలు చూద్దాం అంది. మనుషుల మాటలు బాగానే వినపడుతున్నాయి కదా అని ధైర్యం కూడా చెప్పింది. నాకు పాట కావాలని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు.

కచేరీలు మానేస్తానన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఇంట్లో కూర్చుని కుక్కరు వింటారా? పదండి," అనేది. చలికాలమంతా ఎడమ చెవిలో దూది పెట్టుకుని వెనక వరసల్లో కూర్చున్నాను. దూదితో ఆ రెండో స్వరం తగ్గేది కానీ పూర్తిగా పోయేది కాదు. ఒక ఆదివారం పార్కులో ఎండలో సితార్ పెట్టారు. జనం శాలువాలు కప్పుకుని పల్లీలు ఒలుచుకుంటూ హాయిగా వింటున్నారు. ఆ వాద్యానికి అసలు తీగల కింద సన్నటి తీగలు బోలెడు, అన్నీ నాకు రెండేసిగా మోగాయి. పది నిమిషాలకు లేచి వచ్చేశాం. గురుగ్రామ్‌లో ఒక సినిమా పాటల రాత్రి మాత్రం బాగా గడిచింది. అక్కడ వేదిక మీద వాళ్ళకంటే మైదానంలో వాళ్ళే గట్టిగా పాడుతున్నారు, శ్రుతితో ఎవరికీ పనిలేదు. "అంకుల్, ఆప్ భీ గాయియే!" అని ఎవరో అరిస్తే నేనూ అందుకున్నాను. ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పలేదు.

మా హాల్లో ఆలాపన మొదలైనప్పుడు ముందు వరస ఆంటీ వెనక్కి తిరిగి రాగం అడిగింది. "తెలియదండీ," అన్నాను. హాస్యమనుకుని నవ్వింది. రెండోసారి కూడా అలాగే అనేసరికి నాకు గర్వం వచ్చిందనుకున్నట్టుంది, ఆ తర్వాత అడగలేదు.

అచ్చయిన ఆ అరపేజీ గురించి కార్యదర్శితో మాట్లాడాను. మా వృత్తిలో తప్పు పడితే సవరణ వేయడం మర్యాద.

"ఏమని ఏస్తం అన్నా? రాసినాయన చెవి ఖరాబైందని ఏస్తమా? జనం నవ్వుతరు."

"నవ్వనీ. నిజమే కదా."

"ముందు నీ చెవి మంచిగ కానీ. తర్వాత చూద్దాం."

ఇప్పుడు చెవి బాగైంది. జనక్‌పురి కచేరీ అయిన నాలుగు రోజులకు మళ్ళీ పరీక్ష చేయిస్తే, డాక్టరమ్మ కాగితం తిప్పి తిప్పి చూసి, "కమాల్ హై," అని ఆశ్చర్యపోయింది. బాగా పైస్థాయి చప్పుళ్ళ దగ్గర కొద్దిగా లోటుందట, నా వయసుకు అది మామూలేనట. ఇంటికి రాగానే ఆ అమ్మాయికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి క్షమాపణ అడిగాను.

"అరే అంకుల్, మీరు నాకు సారీ చెప్పడమేంటి!" అంది. "మమ్మీకైతే చాలా గుస్సా వచ్చింది. ఆ కాగితం నాలుగు ముక్కలు చేసేసింది."

"మంచి పని చేసింది. సవరణ రాసి ఇస్తానమ్మా."

ఆమె గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "అంకుల్, సచ్ బోలూఁ? ఆ రోజు నా గలా ఠీక్‌గా లేదు. పొద్దున్నుంచీ మీటింగులు, ఆఫీస్ నుంచి డైరెక్ట్‌గా వచ్చేశాను. పై షడ్జమం దగ్గర నాకే డౌట్ వచ్చింది. మీరు రాసింది చదివి, పట్టేశారే అనుకున్నా."

వయొలిన్ విద్వాంసుణ్ణి అడిగాను. ఆ తర్వాత చాలా కచేరీలు వాయించాననీ, ఆ రోజు ఎలా జరిగిందో గుర్తు లేదనీ అన్నాడు. మా ఆవిడ ఆమె బాగానే పాడిందంటుంది, కానీ ఎవరు పాడినా ఆవిడ అలాగే అంటుంది. కార్యదర్శి వచ్చే సంచికలో నా కోసం నాలుగు లైన్ల చోటు ఉంచాడు. సవరణలో ముందు పడిన తప్పు, దాని కింద అసలు నిజం రాయాలి. ఏది నిజమో విని తేల్చుకుందామంటే, ఆ కచేరీని ఎవరూ రికార్డు చేయలేదు.