అమ్మ కలిపి మింగిన బీపీ గోలీలు

అమ్మ పత్తి చేనులో పడిపోయిందని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. తొర్రూరు నుంచి బస్సు పట్టుకుని నేను జనగామ దవాఖానకు చేరేసరికి సెలైన్ ఎక్కుతోంది. కళ్లు తెరిచి ఉంది, నన్ను గుర్తు పట్టింది. అంతవరకు నా ప్రాణం నా దగ్గర లేదు.

ఏం మందులు వాడుతోందని డాక్టరమ్మ అడిగింది. అమ్మ కొంగుముడి విప్పితే మూడు గోలీల షీట్లు బయటపడ్డాయి. ఒకటి నేను మెడికల్ షాపులో కొనిచ్చిన కంపెనీది. మిగతావి సర్కారు దవాఖానలో ఉచితంగా ఇచ్చినవి, ఒక నెల ఉన్న రంగు ఇంకో నెల ఉండదు. డాక్టరమ్మ మూడూ తిప్పి చూసి, "అన్నీ ఒకటే మందు, పేర్లే వేరు. రోజూ మూడు మింగితే బీపీ పడిపోదా?" అంది.

నాకు ఒళ్లు మండింది. "ఎవరు చెప్పిన్రమ్మా నీకు మూడేసుకొమ్మని?"

"ఒకలు చెప్పాల్నా? పత్తికి ఒక్క కంపెనీ మందు కొడితే పురుగు సస్తదా బిడ్డా? రెండు మూడు కలిపి కొడితెనే గద ఆగేది. ఊకె ఇచ్చేదాంట్ల బలం ఏముంటదని గిట్ల కలిపేసుకున్న."

నకిలీ విత్తనాలతో, నీళ్లలాంటి పురుగుమందులతో వేగి వేగి ఉన్న మనిషి. ఆమెను ఏమని తిట్టను?

రోజుకు ఒక్కటే, ఏదైనా ఫరవాలేదని చెప్పి పంపారు. ఇంటికొచ్చాక అమ్మ మొత్తానికే మానేసింది. గోలీలే తనను పడగొట్టాయంటుంది. ఆశా వర్కర్ చూస్తే బీపీ మళ్లీ పైకి పోయింది. మా పెద్దమ్మ ఇట్లాగే మందులు మానేసి పక్షవాతంతో మంచాన పడింది. మాట పోయింది, నీళ్లు కావాలన్నా చేత్తో సైగ చేస్తుంది. అమ్మే పోయి ఆమె తల దువ్వి వస్తుంది. వచ్చి కూడా గోలి ముట్టదు. బతిమాలాను, అరిచాను, అలిగి అన్నం మానేశాను. కంపెనీదే తెస్తానన్నా వినలేదు.

నాకూ బీపీ ఉంది. అదే మందు, అదే పవరు, కాకపోతే కంపెనీది. మొన్న ఆదివారం నాది వేసుకోకుండానే ఊరికి పోయాను. అమ్మ ఎదురుగా కూర్చుని ఆమె సర్కారు షీటులోంచి ఒక గోలి తీశాను.

"సూడు, నీ గోలి నేనేసుకుంటున్న. నాకేమన్నయితదా సూడు. అటెంక నువ్వేసుకో."

నోటి దగ్గరికి తీసుకుపోయానో లేదో, అమ్మ గబుక్కున నా చేయి పట్టుకుంది.

"వద్దు బిడ్డా. నేనంటే ముసల్దాన్ని. నీకేమన్నయితే పిల్లలేం గావాలె?"

గోలి లాక్కుని వాకిట్లోకి విసిరేసింది. నా చేయి మాత్రం వదల్లేదు. ఆ పూట మా ఇద్దరిలో ఎవరమూ గోలి వేసుకోలేదు.