అంపెమ్ మామయ్య ఎడమ కన్ను

అంపెమ్ మామయ్యకు వ్యసనం ఒక్కటే. శనివారం ఘానాలోని మాంపోంగ్ ఊళ్ళో ఎవరి అంత్యక్రియలు జరిగినా, పిలవకపోయినా వెళ్ళి, నల్లబట్ట భుజాన వేసుకుని ముందు వరుసలో కూర్చుని, ఎడమ కంటితో ఏడ్చేవాడు. కుడి కన్ను చుక్క రాల్చేది కాదు.

ఎడమ చేత్తో మంచినీళ్ళందించినా అవమానమని మండిపడే ఊరది. కోకో తోటల ఆసామి పోయినప్పుడు అతని తమ్ముడు నిలదీశాడు.

“మా అన్నకు ఎడమ కంటి ఏడుపా? కుడిది ఎవరికి దాచావ్?”

“నీకేనయ్యా. తొందరపడకు.”

తగవు పెద్దల దాకా పోయింది. ఇరుపక్షాలనూ విచారించిన మీదట, ఇకపై ఎడమ చెంపను గోడవైపు తిప్పుకుని ఏడవవచ్చునని వారు తీర్పు చెప్పారు.

అసలు సంగతి మేనకోడలు సెర్వాకు తెలుసు. ఆమె కంటి ఆసుపత్రిలో నర్సు. తల్లి పోయాక ఆమెను పెంచినవాడు మామయ్యే. వయసు మీదపడి ఆయన ఎడమ కంటి కింది రెప్ప సడలి బయటికి తిరగబడింది. ముక్కులోకి ఇంకవలసిన కన్నీరు చెంప మీదికి దారి చూసుకుంది.

“కిందికి తుడవకు మామయ్యా! రెప్ప ఇంకా జారుతుంది. ముక్కువైపుగా, పైకి, మెల్లగా అద్దు.”

“చిన్నప్పుడు నీ ముక్కు కిందికే తుడిచాను. జారిపోయిందా?”

“మందు రాసుకున్నావా?”

“రోజూ.”

“గొట్టం మూతే తియ్యలేదు! ఇలాగే వదిలేస్తే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది, చూపు పోతుంది. రెప్ప బిగించి కుట్టడానికి గంట కూడా పట్టదు.”

“ఈ శనివారం కుదరదే. అంత్యక్రియలున్నాయి.”

ఐదు నెలలు ఇదే జవాబు. ఆ కన్ను ఎర్రబడినకొద్దీ, తనను బడికి సాగనంపుతూ వాకిట్లో నవ్విన ఆ పాత ముఖం కోసం సెర్వా ప్రాణం కొట్టుకునేది. చివరికి ఒకనాడు గుమ్మానికి అడ్డం నిలబడింది.

“కారణం చెప్పందే కదలనివ్వను.”

“అచియాకు మాటిచ్చాను,” అన్నాడాయన, నేల చూస్తూ.

అచియా వీధి చివర అరటికాయలు కాల్చి అమ్మే వృద్ధురాలు. యవ్వనంలో ఆయన ఆమెను పెళ్ళికి అడిగాడు; పెద్దలు కుమాసీ పట్నం వాడికిచ్చారు. వితంతువై, పిల్లలు లేక, ఒంటరిగా తిరిగివచ్చింది. నిరుడు జ్వరంలో, “నేను పోతే ఏడ్చే దిక్కే లేదు” అంటే, “నేనున్నాను” అన్నాడు. రెప్ప కుట్టిస్తే కన్నీరు ఆగిపోయి ఆ మాట తప్పుతానని ఆయన భయం. జ్వరం తగ్గి, ఇప్పుడామె పూటకు రెండు పెద్ద ముద్దల కర్రపెండలం ఫుఫూ తింటోందన్న వాస్తవాన్ని మాత్రం ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

సెర్వా ఆయనను నేరుగా అచియా పొయ్యి దగ్గరికే లాక్కుపోయి, అంతా చెప్పింది.

“నా కోసం గుడ్డివాడివవుతావా, మతిలేనివాడా!” అచియా పట్టకారు ఎత్తింది. “రేపే వెళ్ళు. నేనిప్పట్లో పోయే రకాన్ని కాదు.”

వెళ్ళాడు. కుట్లు విప్పిన సాయంత్రం పొడి కళ్ళతో వచ్చి ఆమె బల్ల మీద కూర్చున్నాడు. ఆమె చాలాసేపు చూసింది.

“బాగుంది,” అంది. పొయ్యి మీద కాయ తిప్పుతూ, మెల్లగా, “మరి నా సంగతో?”

“నీ కోసం ఏడవడానికి నాకు రోగం కావాలా, అచియా?”

ఆమె కాయ తిప్పడం మరిచిపోయింది. మాడిపోయిన ఆ కాయనే ఇద్దరూ చెరిసగం తిన్నారు.